రేడియం జాకెట్టు: అల్ ఖోబర్ ఎండలో, చీకట్లో

ఆరుబయట పనిచేసే మనిషి దూరం నుంచే కంటబడాలని అతని బట్టలకు, సామానుకు, యంత్రాలకు రంగు మార్చడం, మెరుపు పట్టీలు కుట్టడం గత తొంభై ఏళ్లలో ఎదిగిన విద్య. ప్రపంచమంతా దీన్ని హై విజిబిలిటీ అంటుంది. తెలుగు కార్మికులకు మాత్రం అది ‘రేడియం జాకెట్టు’. రోడ్డు ఊడ్చే పారిశుధ్య కార్మికురాలు వేసుకున్నా, ట్రాఫిక్ కానిస్టేబుల్ వేసుకున్నా, సౌదీలో పైపులైను గుంత పక్కన నిలబడ్డ జగిత్యాల మనిషి వేసుకున్నా పేరు అదే. సౌదీ అరేబియా తూర్పు తీరంలోని అల్ ఖోబర్‌ను కేంద్రంగా తీసుకుని ఆ జాకెట్టు ఎలా పుట్టింది, ఎలా పనిచేస్తుంది, ఎప్పుడు పనిచేయడం మానేస్తుంది అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం. మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. జాకెట్టు ఇచ్చే రోజు అందరూ ఉంటారు కానీ, దాని రంగు చచ్చిపోయిన రోజును ఎవరూ గుర్తించరు.

మాట వెనక

జాకెట్టు మీద రేడియం ఏమీ ఉండదు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో చీకట్లో కనిపించే గడియారాల అంకెలకు రేడియం కలిపిన రంగు పూసేవారు. అమెరికాలోని న్యూజెర్సీ ఫ్యాక్టరీల్లో ఆ రంగు పూసిన అమ్మాయిలు కుంచె మొన సన్నగా రావడానికి పెదాలతో తడిపి, ఆ విషం ఒంట్లోకి పోయి, కొందరు దవడ ఎముకలు కుళ్లి చనిపోయారు. ఆ రంగు వాడకం పోయింది, పేరు మాత్రం మన ఊళ్లలో స్టిక్కర్ల దుకాణాల బోర్డుల మీద మిగిలింది. బండి నంబరు ప్లేటు రాసే చోటల్లా రేడియం అనే మాట కనిపిస్తుంది.

పేరు తప్పైనా వాడుక మాటను దిద్దాల్సిన పని లేదు. చిక్కు వేరే చోట ఉంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు గుణాలను ఆ ఒక్క మాట మోస్తోంది. పగటి వెలుతురులో మామూలు రంగు కన్నా ఎక్కువగా మండిపోయినట్టు కనిపించే గుడ్డ ఒకటి. అది ఫ్లోరసెంట్. లైటు పడితే ఆ వెలుగును వచ్చిన దారినే వెనక్కి కొట్టే వెండి పట్టీ రెండోది. అది రిఫ్లెక్టర్. కాసేపు వెలుతురు తాగి, దీపం ఆర్పాక మసకమసకగా వెలిగేది మూడోది, గోడ మీద అంటించే నక్షత్రాల బొమ్మల్లాంటిది. పని జాకెట్టులో మొదటి రెండే ఉంటాయి. మొదటిది పగటికి, రెండోది రాత్రికి. ఒకటి చేసే పని రెండోది చేయలేదు. ఈ తేడా తెలియక రిఫ్లెక్టర్ పట్టీలు లేని ఉత్త నారింజ బనియను వేసుకుని రాత్రి షిఫ్టుకు రోడ్డెక్కేవాళ్లు ఉన్నారు. రాత్రి పూట అది మామూలు చొక్కాయే.

ఊరు, వెలుతురు

అల్ ఖోబర్ ఒకప్పుడు చేపలు, ముత్యాలు పట్టుకునేవాళ్ల పల్లె. 1938 మార్చిలో పక్కనే దహ్రాన్‌లో 7వ నంబరు బావి నుంచి వాణిజ్య స్థాయిలో చమురు పొంగింది. అదే ఏడాది ఖోబర్ రేవు నుంచి బార్జీల మీద ముడి చమురు బహ్రెయిన్ శుద్ధి కర్మాగారానికి వెళ్లింది. ఆ తర్వాత దమ్మామ్, దహ్రాన్, ఖోబర్ మూడూ ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయాయి. 1986 నవంబరులో ఖోబర్ నుంచి బహ్రెయిన్‌కు సముద్రం మీదుగా 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ కాజ్‌వే తెరుచుకుంది. రోడ్లు, పైపులైన్లు, గోదాములు, రేవు పనులు, ఉత్తరాన జుబైల్ దాకా ఫ్యాక్టరీలు. వీటన్నిటిలో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్లు, కోనసీమ, శ్రీకాకుళం, కడప వాళ్లు మేస్త్రీలుగా, ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, డ్రైవర్లుగా, హెల్పర్లుగా పనిచేస్తూ వచ్చారు.

ఇక్కడి వెలుతురు మన వెలుతురు కాదు. చెట్టు లేదు, చేను లేదు. వెనక ఉన్నదంతా ఇసుక, సిమెంటు, దుమ్ము పట్టిన గోడ. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, మనిషి నీడ అతని బూట్ల కింద నుంచి బయటికి రాదు. వేడికి నేల మీద గాలి అలలు అలలుగా కదిలి, దూరపు మనిషి ఆకారం చెదిరిపోతుంది. షమాల్ అనే వాయవ్యపు గాలి వీస్తే దుమ్ములో రంగులన్నీ కలిసి ఒకే మట్టిరంగు అవుతాయి. చలికాలపు ఉదయాల్లో సముద్రం నుంచి పొగమంచు ఊళ్లోకి దిగుతుంది, కాజ్‌వే మీద ముందు వెళ్లే లారీ వెనక దీపాలు తప్ప లారీ కనిపించదు.

దీనికి తోడు గడియారం. సౌదీ అంతటికీ ఒకటే సమయం. ఖోబర్ ఆ దేశపు తూర్పు అంచున ఉంది కాబట్టి పొద్దు ఇక్కడ పడమటి తీరపు జిద్దా కన్నా దాదాపు ముప్పావుగంట ముందు కుంగుతుంది. డిసెంబరులో సాయంత్రం 5 కాకముందే సూర్యుడు వెళ్లిపోతాడు. పని దిగే గంట కొట్టేసరికి చీకటి. ఎండాకాలంలో సంగతి ఇంకో రకం. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా నేరుగా ఎండలో పని చేయించకూడదని సౌదీ ప్రభుత్వ నిషేధం. ప్రాణాలు కాపాడే మంచి నియమం అది. అయితే ఆ మూడు గంటల పని ఎక్కడికీ పోదు. తెల్లవారకముందుకో, పొద్దుపోయాకకో జరుగుతుంది. తారు పోసే పనులు, కూడళ్ల మరమ్మతులు రాత్రికి వెళ్తాయి. ఎండ నుంచి కాపాడిన మనిషిని చీకటి చేతిలో పెడుతున్నామన్న ఎరుక ఉంటే, ఎండాకాలపు జాకెట్టును ఎంచే తీరు మారుతుంది. అప్పుడు గుడ్డ రంగు కన్నా పట్టీ ముఖ్యం.

రంగు మండేది ఎందుకు

మామూలు పసుపు గుడ్డ తన మీద పడిన వెలుతురులో పసుపు వంతును తిప్పి పంపి మిగతాది మింగేస్తుంది. ఫ్లోరసెంట్ గుడ్డ అంతటితో ఆగదు. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను, నీలి వెలుగును మింగి, వాటినీ పసుపుగానో నారింజగానో మార్చి బయటికి పంపుతుంది. అంటే పడిన పసుపు కన్నా ఎక్కువ పసుపు తిరిగొస్తుంది. అందుకే అది గుడ్డలా కాక దీపంలా తోస్తుంది. మన కన్ను పగటి పూట అన్నిటికన్నా చురుగ్గా పట్టేది 555 నానోమీటర్ల దగ్గరి వెలుగును, అది పసుపు ఆకుపచ్చలో కలిసే చోటు. సైట్ల మీద కనిపించే నిమ్మపసుపు జాకెట్టు ఆ లెక్క మీద వచ్చిందే. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ ఆకాశపు నీలి వంతు పెరుగుతుంది, అప్పుడు ఈ రంగులు చుట్టూ ఉన్నవాటి నుంచి ఇంకా విడివడి కనిపిస్తాయి. పాత సోడియం వీధి దీపం కింద మాత్రం ఇవి చతికిలపడతాయి. ఆ దీపంలో నీలం లేదు, అతినీలలోహితం లేదు, మింగి మార్చడానికి ఏమీ లేదు.

ఈ రంగుల పుట్టుక ఒక ప్రమాదంతో ముడిపడింది. 1933లో కాలిఫోర్నియాలో బాబ్ స్విట్జర్ అనే యువకుడు రైలు పెట్టె నుంచి సరుకు దించుతూ పడి తలకు పెద్ద దెబ్బ తగిలించుకున్నాడు. చూపు దెబ్బతింది. కోలుకునేదాకా చీకటి గదిలో ఉండాలన్నారు వైద్యులు. ఆ చీకట్లో అతనూ, గారడీ సరదా ఉన్న తమ్ముడు జో కలిసి అతినీలలోహిత దీపం పట్టుకుని, తండ్రి మందుల దుకాణంలోని సీసాల్లో ఏవేవి మెరుస్తాయో వెతికారు. అక్కడి నుంచి మొదలై పగటి వెలుతురులోనే మండే రంగుల దాకా వెళ్లారు. క్లీవ్‌లాండ్‌లో వాళ్లు పెట్టిన సంస్థే తర్వాత డే గ్లో అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో కింద ఉన్న సేనలు తమ విమానాలకు ‘మేం మీవాళ్లం’ అని చెప్పడానికి ఈ రంగు గుడ్డలు పరిచాయి. 2012లో అమెరికన్ కెమికల్ సొసైటీ ఈ ఆవిష్కరణను రసాయన శాస్త్రపు చారిత్రక గుర్తుగా ప్రకటించింది. సరుకు దించే కూలి పనిలో పడ్డవాడి చేతి నుంచే, ఈనాడు కోట్లమంది కూలీల వీపు మీదున్న రంగు వచ్చింది.

కార్మికుడి ఒంటి మీదికి అది నేరుగా రాలేదు. 1964లో బ్రిటిష్ రైల్వే స్కాట్లాండ్ విభాగం గ్లాస్గోలో కొత్తగా విద్యుదీకరించిన మార్గం మీద పట్టాల పనివాళ్లకు నారింజ జాకెట్లు ఇచ్చి చూసింది. కరెంటు రైళ్లు ఆవిరి రైళ్ల కన్నా వేగంగా, చప్పుడు తక్కువగా వస్తాయి. చెవి మోసపోయే చోట డ్రైవరు కన్ను ముందే పట్టుకోవాలన్నది ఆలోచన. మన రైల్వేలో కీమన్, ట్రాక్‌మన్ ఒంటి మీద కనిపించే నారింజ జాకెట్టు ఆ వంశానిదే.

వెనక ఏముందన్నదే రంగు

ఏ రంగు మంచిదని అడిగితే జవాబు చెప్పే ముందు, మనిషి వెనక ఏముందో చూడాలి. పచ్చని చేను ముందు నిమ్మపసుపు కలిసిపోతుంది, నారింజ పొడుచుకొస్తుంది. సముద్రం మీద నారింజకు సాటి లేదు, అందుకే ఓడల లైఫ్ జాకెట్లకు, ప్రాణరక్షణ సామగ్రికి అంతర్జాతీయ నిబంధనలు ఎర్రటి నారింజనో అంత స్ఫుటమైన రంగునో కోరతాయి. ఖోబర్ రేవులో, కార్నిష్ అనే సముద్రపు ఒడ్డు దారి పనుల్లో, కాజ్‌వే మీద నారింజ వైపు మొగ్గడానికి కారణం ఉంది. ఇసుక సంగతికి వస్తే కొంచెం ఆలోచించాలి. ఇసుక తానే లేత పసుపు. మధ్యాహ్నపు ఎండలో తెల్లగా మెరిసే ఇసుక ముందు కొత్త నిమ్మపసుపు జాకెట్టు బాగానే కనిపిస్తుంది, కాని అది కాస్త వెలిసిందా, ఇసుకలోకి జారిపోతుంది. నారింజ వెలిసినా కొంతకాలం తేడా నిలుపుకుంటుంది. మరోవైపు నారింజ కోన్లు, నారింజ డ్రమ్ములు వరసగా పేర్చిన రోడ్డు పనిలో నారింజ మనిషి ఇంకో డ్రమ్ములా కనిపిస్తాడు. ఎరుపు సరిగ్గా పట్టని కంటి దోషం కొంతమంది పురుషుల్లో ఉంటుంది, వాళ్లకు ముదురు నారింజ మసకబారుతుంది. ఒకే రంగు అన్నిచోట్లకూ సరిపోతుందన్న సైట్ నియమం కాగితం మీద సులువు, అంతే. నారింజ వీపు మీద నిమ్మపసుపు పట్టీ, దాని నడుమ వెండి టేపు ఉన్న జాకెట్టు ఇలాంటి చోట్ల మేలని నా అభిప్రాయం. వెనక ఏమున్నా ఏదో ఒక రంగు నిలబడుతుంది.

యంత్రాలకూ ఇలాగే రంగు మారింది, మనుషుల కన్నా ముందే. క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్లు మొదట్లో బూడిదరంగులో వచ్చేవి. 1931 చివర ఆ కంపెనీ వాటిని పసుపుకు మార్చింది. రోడ్డు పనుల్లో వాహనదారులకు దూరం నుంచి కనపడాలన్నదే ఉద్దేశం, ఆ రంగుకు పెట్టిన పేరు కూడా హైవే పసుపు. ఈ రోజు మన పల్లెల్లో పొక్లెయిన్ అంటే పసుపే, జేసీబీ అంటే పసుపే. ఫలితంగా పసుపు యంత్రం పక్కన పసుపు జాకెట్టు మనిషి దాక్కుపోతున్నాడు. వెనక్కి వచ్చే లోడర్ అద్దంలో డ్రైవరుకు కనిపించేది తన బండి రెక్కో, మనిషి భుజమో తేలాలంటే ఇద్దరి రంగులూ వేరుగా ఉండాలి.

జాకెట్టు బండిని ఆపదు. మనుషులు నడిచే దారికీ బండ్లు తిరిగే దారికీ మధ్య అడ్డుకట్ట కట్టడం, వెనక్కి వచ్చే బండికి ఫ్లాగ్‌మన్‌ను పెట్టడం ముందు పనులు. అవి మానేసి రంగు గుడ్డ తొడిగించి పంపితే కార్మికుడి చావుకు కార్మికుడినే బాధ్యుడిని చేసినట్టు అవుతుంది.

గాజు పూసలు

రాత్రి పట్టీని దగ్గరగా చూడండి. బూడిదరంగు గుడ్డలా ఉంటుంది, గోటితో గీస్తే సన్నటి గరుకు తగులుతుంది. ఆ గరుకు గాజు పూసలది. ఒక్కో పూస మన వెంట్రుక మందం కూడా ఉండదు. పూస వెనక సగానికి అల్యూమినియం పూత. హెడ్‌లైటు వెలుగు పూసలోకి వెళ్లి, వంగి, వెనక గోడకు తగిలి, మళ్లీ వంగి, వచ్చిన దిక్కుకే పోతుంది. అద్దం అయితే వెలుగును ఇంకో పక్కకు తోసేస్తుంది. పూస మాత్రం ఏ కోణంలో వచ్చినా పంపినవాడికే తిరిగి ఇస్తుంది. డ్రైవరు కళ్లు అతని హెడ్‌లైట్లకు కొంచెమే పైన ఉంటాయి కాబట్టి ఆ వెలుగు అతనికే చేరుతుంది. పక్కన నిలబడ్డ సూపర్‌వైజర్‌కు అదే పట్టీ చచ్చిన బూడిదగా కనిపిస్తుంది. పక్క నుంచి చూసి ‘పట్టీ పనిచేయట్లేదు’ అనుకునేవాళ్లూ, ‘బాగానే ఉంది’ అనుకునేవాళ్లూ ఇద్దరూ పొరబడతారు.

పట్టీని పరీక్షించడానికి సెల్‌ఫోన్ చాలు. చీకట్లో పది పదిహేను అడుగుల దూరం నుంచి ఫ్లాష్ వేసి ఫోటో తీస్తే, మంచి పట్టీ తెల్లగా పేలిపోయి మనిషి మొహం నల్లబడుతుంది. అరిగిన పట్టీ అయితే మొహం కనిపిస్తుంది, పట్టీ కనిపించదు. కొత్త జాకెట్టు ఒకటి పక్కన పెట్టి తీస్తే తేడా చెప్పనక్కర్లేదు.

ఎంత దూరం నుంచి కనిపించాలో లెక్క వేసుకోవచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. డ్రైవరు చూసి, తేల్చుకుని, బ్రేకు మీద కాలు వేసేలోపు ఒకటిన్నర సెకన్లనుకుంటే 42 మీటర్లు పోయాయి. పొడి రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో 55 మీటర్లు. మొత్తం దాదాపు 100 మీటర్లు. డిప్ చేసిన హెడ్‌లైటులో ముదురు నీలం కవరాల్ (చొక్కా, ప్యాంటు కలిసిన పని దుస్తు) వేసుకున్న మనిషి అంత దూరం నుంచి కనిపించడు. చమురు పనుల్లో ముదురు నీలం కవరాల్ చాలా మామూలు. మరకలు కనపడవని ఎంచుకున్న రంగు అది, మరకలతో పాటు మనిషినీ దాచేస్తుంది.

పట్టీ ఎక్కడ కుట్టాలన్నది ఇంకో సంగతి. 1973లో స్వీడన్‌లోని ఉప్సాలాలో గున్నార్ యొహాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనుషుల కీళ్ల దగ్గర చిన్న చిన్న దీపపు చుక్కలు పెట్టి చీకట్లో నడిపించి చిత్రీకరించాడు. నిశ్చలంగా ఉంటే అవి అర్థంలేని చుక్కలు. కదలగానే చూసేవాళ్లు మనిషి నడుస్తున్నాడని క్షణంలో పోల్చుకున్నారు. ఛాతీ మీదే మెరుపు ఉంటే డ్రైవరుకు అది బోర్డో, డ్రమ్మో తెలియదు. మోచేతుల దగ్గర, మణికట్ల మీద, మోకాళ్ల కింద పట్టీలు కదిలితే అది మనిషి అని తెలుస్తుంది. చేతుల మీదా పిక్కల మీదా పట్టీలున్న కవరాల్, ఒక్క ఛాతీ బనియను కన్నా మేలనడానికి ఇదే కారణం.

జేబు మూత కింద

మూడు నెలలు ఎండలో తిరిగిన జాకెట్టు ఒకటి తీసుకుని, ఛాతీ జేబు మూతను పైకెత్తి చూడండి. మూత కింద దాగిన గుడ్డ కొన్న రోజు రంగులోనే ఉంటుంది. మూత బయట, భుజాల మీద అదే గుడ్డ వెన్నరంగుకో, చద్దిరొట్టె రంగుకో వచ్చి ఉంటుంది. రెండు రంగుల మధ్య గీత కత్తితో కోసినట్టు ఉంటుంది. రోజూ అద్దంలో చూసుకునేవాడికి ఈ మార్పు తెలియదు, కొంచెం కొంచెంగా వస్తుంది కాబట్టి. మూత ఎత్తితే తెలుస్తుంది. సౌదీలో అయినా సూర్యాపేటలో అయినా ఎవరికీ ఖర్చులేని పరీక్ష ఇది.

ఎందుకిలా? ఫ్లోరసెంట్ రంగుకు బలాన్నిచ్చే కిరణాలే దాన్ని చంపుతాయి. అతినీలలోహితాన్ని మింగి వెలుగుగా మార్చే అణువు, మార్చి మార్చి విరిగిపోతుంది. భుజాలు, వీపు పైభాగం ముందు పోతాయి, నడినెత్తి సూర్యుడి కింద అవే ఎక్కువ తింటాయి కాబట్టి. చెమట ఉప్పు, సిమెంటు క్షారం, డీజిల్ మరక దానికి తోడు. క్యాంపులో వారానికోసారి బకెట్టులో క్లోరిన్ బ్లీచు వేసి నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, మేడ మీద మళ్లీ అదే ఎండలో ఆరేస్తే గుడ్డా పోతుంది, పట్టీ మీది గాజు పూసలూ రాలిపోతాయి. మామూలు సబ్బుపొడి, చల్లటి నీళ్లు, నీడపట్టున ఆరేయడం, తిరగేసి ఉతకడం. ఇంత చిన్న జాగ్రత్తలే దాని ఆయుష్షు.

లేబుల్ మీద ఎన్ని ఉతుకుల దాకా అన్న అంకె ఉంటుంది. 25 అనో 50 అనో. ఆ అంకెలో ఒక లోపం ఉంది. అది ఉతుకులను లెక్కపెడుతుంది కాని ఎండను లెక్కపెట్టదు. పన్నెండు ఉతుకులే అయిన జాకెట్టు ఖోబర్ వేసవి దాటేసరికి ముగిసిపోవచ్చు. చలిదేశపు గోదాములో ఏడాది వచ్చే జాకెట్టు ఇక్కడ ఎన్ని నెలలు వస్తుందన్నది స్టోర్ కీపర్ కంటితో తేల్చాలి, కాగితంతో కాదు. బూట్ల లాగా, గ్లౌజుల లాగా దీన్నీ అరిగిపోయే సరుకుగానే చూడాలి. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఇలాంటి రక్షణ సామగ్రి ఖర్చు యజమానిదే, దానికోసం జీతంలో కోత పెట్టడానికి వీల్లేదు. ‘కొత్తది అడిగితే ఏమంటారో’ అని వెలిసిన జాకెట్టుతోనే నెట్టుకొచ్చే తమ్ముళ్లు ఈ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

చేతితో రంగు మార్చితే

ముదురు రంగు గుడ్డకు ప్రకాశం అద్దకంతో రాదు. అద్దకం వెలుగును కలపదు, తీసేస్తుంది. నీలం మీద పసుపు అద్దితే మురికి ఆకుపచ్చే వస్తుంది. నూలు గుడ్డకు ఫ్లోరసెంట్ రంగు పట్టినా నిలవదు, అందుకే ఈ జాకెట్లు చాలావరకు పాలిస్టర్. కాబట్టి పాత కవరాల్‌కు రంగు మార్చడమంటే నిజానికి పైన కుట్టడమే. ఫ్లోరసెంట్ గుడ్డ పట్టీ, దాని నడుమ రిఫ్లెక్టర్ టేపు, 5 సెంటీమీటర్లకు తక్కువ కాని వెడల్పు.

అద్దకం మాట వచ్చింది కాబట్టి ఒక పాత బంధం గుర్తుకొస్తోంది. తెలుగు కూలీలు గల్ఫ్ చేరడానికి చాలా ముందే తెలుగు రంగు అరబ్ దేశాలు చేరింది. చీరాల నేతగాళ్లు నూలును నూనెలో, బూడిద నీళ్లలో నానబెట్టి ఎర్రగా, నల్లగా అద్ది నేసిన తేలియా రుమాళ్లు అక్కడికి ఎగుమతయ్యేవి. అక్కడి తలలకు చుట్టిన ఎరుపు మన అద్దకందారులు పట్టించిన ఎరుపు. ఎండకూ చెమటకూ ఆగే రంగు కోసం వాళ్లు నూలుకు రోజుల తరబడి నూనె పట్టించేవారు. నల్లగొండ వైపు పుట్టపాకలో ఆ విద్య ఇంకా బతికుంది.

చేతితో మార్చేటప్పుడు ప్రాణం మీదికి తెచ్చే తప్పులు రెండున్నాయి. మంట భయం ఉన్న చోట ఎఫ్ఆర్ కవరాల్ ఇస్తారు, అంటే మంట తగిలినా అంటుకుని వ్యాపించని గుడ్డ. దాని మీద మామూలు పాలిస్టర్ రేడియం జాకెట్టు తొడిగితే, మంటకు పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. కింది కవరాల్ ఇచ్చిన రక్షణ పైనున్న జాకెట్టు లాగేసుకుంటుంది. ఇలాంటి చోట్లకు మోడాక్రిలిక్ అనే నార కలిసిన, మంటకు ఆగే ఫ్లోరసెంట్ గుడ్డ వేరే ఉంది. ధర ఎక్కువే. చమురు, గ్యాసు పనుల్లో దానికి బదులు మరొకటి లేదు.

రెండోది హెల్మెట్. ఎండకు తెల్లబడ్డ హెల్మెట్‌కు స్ప్రే పెయింటు కొడితే కొత్తగా కనిపిస్తుంది. పెయింటులోని ద్రావకం ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తుంది, పైగా ఉన్న పగుళ్లను కప్పేస్తుంది. తయారీదారులు పూయొద్దని చెప్పేది ఇందుకే. వెలిసిన హెల్మెట్ రంగు కోల్పోవడంతో పాటు బలమూ కోల్పోయి ఉండవచ్చు. రెండు పక్కలా అరచేతులతో నొక్కి వదిలినప్పుడు చిటపట వినిపిస్తే, పైన సుద్దలా పొడి రాలితే, దాన్ని పారేయడమే. రాత్రి కనపడాలంటే కంపెనీ ఒప్పుకున్న రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించుకోవచ్చు. తెల్ల హెల్మెట్ ఇంజినీరుకు, పసుపు కూలీకి అన్న పట్టింపు ప్రపంచమంతా ఒకే తీరుగా ఉండదు. ఏ సైట్‌కు ఆ సైట్ నియమం.

సామాను సంగతి సులువు, ఉపయోగం ఎక్కువ. ఇసుకలో పడ్డ స్పానర్ గంటకే దుమ్ము కప్పుకుని మాయమవుతుంది. పిడికి నారింజ పెయింటు పట్టీ వేస్తే దొరుకుతుంది. సర్వే మేకులకు ఫ్లోరసెంట్ గులాబీ కొట్టేది అందుకే, ఎడారిలో ఆ రంగు ఇంకెక్కడా ఉండదు. క్రేన్ సామాను, అంటే షాకిల్, స్లింగ్, చెయిన్ బ్లాక్ మీద వేసే రంగుకు ఇంకో అర్థం ఉంది. తనిఖీ అయిన సామానుకు ఆ మూడు నెలలకో ఆరు నెలలకో ఒక రంగు నిర్ణయించి గుర్తు వేస్తారు. గడువు మారితే రంగు మారుతుంది. ఏ గడువుకు ఏ రంగన్నది కంపెనీ బోర్డు మీద ఉంటుంది. కాబట్టి అందంగా ఉందని షాకిల్ మొత్తానికి పెయింటు కొట్టకూడదు, బరువు అంకె కప్పుకుపోతుంది, పగులు కప్పుకుపోతుంది. పరంజా మీద ఆకుపచ్చ ట్యాగు ఉంటే ఎక్కవచ్చు, ఎరుపు ఉంటే ఎక్కకూడదు.

కొలతలు

ఇలాంటి జాకెట్లకు యూరప్ ప్రమాణం ఈఎన్ 471, అది 1994 నాటిది, 2013లో దాని స్థానంలో ఈఎన్ ఐఎస్ఓ 20471 వచ్చింది. అమెరికా ప్రమాణం ఆన్సీ 107 మొదట 1999లో వెలువడింది. గల్ఫ్ సైట్లలో జాకెట్ల లేబుళ్ల మీద ఈ రెండిట్లో ఒకటి సాధారణంగా కనిపిస్తుంది. యూరప్ లెక్కలో మూడు తరగతులు. మూడో తరగతికి కనీసం 0.80 చదరపు మీటర్ల ఫ్లోరసెంట్ గుడ్డ, 0.20 చదరపు మీటర్ల రిఫ్లెక్టర్ ఉండాలి. రెండో తరగతికి 0.50, 0.13. వేగంగా బండ్లు పోయే హైవేల మీద, రాత్రి పనుల్లో మూడోది వేసుకోవాలి. చేతుల్లేని చిన్న బనియను ఎంత మెరిసినా ఆ కొలతకు రాదు. ప్రమాణం ఒప్పుకునే ఫ్లోరసెంట్ రంగులు మూడే, పసుపు, నారింజ ఎరుపు, ఎరుపు. కొలత ఎంత పెద్దదైనా జాకెట్టు జిప్పు తీసి రెక్కలు వెనక్కి మడిచి తిరిగితే ముందు వైపు ఏమీ మిగలదు. ఉక్కపోతకు చాలామంది అదే చేస్తారు. వాళ్లను తిట్టడం కన్నా గాలి ఆడే జాలి గుడ్డ జాకెట్టు ఇవ్వడం మేలు.

ఊళ్లో

సెలవుకు వచ్చినప్పుడు ఖోబర్ మనిషి కంటికి ఊరి రోడ్డు వేరుగా కనిపిస్తుంది. కోతల కాలంలో కరీంనగర్, జగిత్యాల పల్లెల్లో వడ్లు, మక్కలు తారురోడ్డు మీదే ఆరబోస్తారు. పొద్దుగూకాక కుప్ప చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్లు పెడతారు. తారు నలుపు, టార్పాలిన్ నలుపు, రాయి నలుపు. బైకు మీద వచ్చేవాడికి హెడ్‌లైటులో ఏదీ విడివడదు. ఈ కుప్పల మీద పడి చనిపోయినవాళ్ల వార్తలు ఏటా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. రోడ్డు మీద ఆరబోయకుండా కల్లాలు కట్టించడమే అసలు దారి. అవి వచ్చేదాకా, మండల కేంద్రంలో నంబరు ప్లేట్లు రాసే రేడియం దుకాణంలో రిఫ్లెక్టర్ టేపు మీటర్ల లెక్కన దొరుకుతుంది. రోడ్డు వైపు అంచున ఉన్న రాళ్లకు జానెడు ముక్క ఒక్కోటి చుట్టితే, మలుపు తిరిగిన బండి లైటు పడగానే ఆ రాళ్లు వరసగా వెలుగుతాయి.